సీపీకే 1.02 వచ్చింది, కొత్త మెషిన్ కొనాలా?

ముందు మీ ప్రశ్నను నా మాటల్లో చెప్పుకుంటాను. నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకు తెలుస్తుంది. రెండు సీఎన్‌సీ లేత్‌ల మీద షాఫ్ట్ టర్నింగ్ చేస్తున్నారు. బయటి వ్యాసం 25.00 మి.మీ., టాలరెన్స్, అంటే డ్రాయింగ్ ఒప్పుకునే తేడా, అటు ఇటు 0.03. రెండు మెషిన్లలో వచ్చిన పీసులు కలిపి 30 కొలిచి సాఫ్ట్‌వేర్‌లో వేస్తే సీపీకే, అంటే పీసులు టాలరెన్స్‌లో ఎంత బాగా ఇముడుతున్నాయో చెప్పే అంకె, 1.02 అని వచ్చింది. కస్టమర్ 1.33 అడుగుతున్నాడు. మెషిన్లు పాతబడిపోయాయి, కొత్తది కొనాల్సిందేనని ప్రొడక్షన్ వాళ్లు అంటున్నారు. రిపోర్ట్ ఇమ్మని మేనేజ్‌మెంట్ మీ మీద టెన్షన్ పెట్టింది. ఇంకా ఎన్ని పీసులు కొలవాలి, ఏ ఫార్ములా వాడితే సరైన అంకె వస్తుంది అన్నది మీ సందేహం.

ఫార్ములా సంగతి కాసేపు పక్కన పెట్టండి. మీ దగ్గరున్న అంకెలతో ఇంకా ఒక్క బొమ్మ కూడా గీయలేదని మీరు రాసిన దాన్నిబట్టి అర్థమవుతోంది. అసలు పని అక్కడే ఉంది. సీపీకేలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. ఒకటి, సగటు కొలత మధ్య నుంచి ఎంత పక్కకు జరిగింది అన్నది. రెండోది, కొలతలు ఆ సగటు చుట్టూ ఎంత చెల్లాచెదురుగా ఉన్నాయి అన్నది. మొదటిది ఆఫ్‌సెట్, అంటే మెషిన్‌లో టూల్ స్థానాన్ని సరిదిద్దే అంకె, మారిస్తే రెండు నిమిషాల్లో పోతుంది. రెండోదానికి నెలలు పట్టొచ్చు, ఒక్కోసారి డబ్బు కూడా పట్టొచ్చు. రెండింటినీ ఒకే అంకెలో కుదించేశాక ఏది ఎంతో మళ్లీ బయటికి తీయలేం.

ఒక లెక్క చూడండి. మీ డ్రాయింగ్ మీదే మూడు లేత్‌లు నడుస్తున్నాయి అనుకుందాం. మొదటి దాని సగటు 25.012, సిగ్మా, అంటే కొలతల చెల్లాచెదురును చెప్పే అంకె, 0.006. రెండో దాని సగటు సరిగ్గా 25.000, సిగ్మా 0.010. మూడో దాని సగటు 25.021, సిగ్మా 0.003. సగటు నుంచి దగ్గరి హద్దుకు ఉన్న దూరాన్ని మూడు సిగ్మాలతో భాగిస్తే సీపీకే వస్తుంది. వేసి చూడండి, మూడింటికీ 1.0 వస్తుంది. రిపోర్ట్‌లో మూడూ ఒకే వరసలో కూర్చుంటాయి. నిజానికి మూడో మెషిన్ ఆణిముత్యం. దాని సగటును 21 మైక్రాన్లు కిందికి దించితే చాలు, సీపీకే 3.33కు వెళ్తుంది. మొదటి దాన్ని సరిచేస్తే 1.67 వస్తుంది. రెండోదానికి ఆఫ్‌సెట్‌తో ఒరిగేది ఏమీ లేదు, కష్టపడాల్సింది దాని మీదే. కొత్త మెషిన్ గురించి మాట్లాడాల్సి వస్తే ఆ ఒక్కదాని గురించే మాట్లాడాలి. మీ 1.02 ఈ మూడింట్లో ఏ రకమో ఇప్పటికైతే మీకూ తెలియదు, నాకూ తెలియదు.

అందుకే మొట్టమొదట కొలతల్ని పీసులు తయారైన వరసలో గీయండి. అడ్డంగా పీసు నంబర్, నిలువుగా వ్యాసం. రెండు మెషిన్లకు రెండు వేర్వేరు కాగితాలు. ఇన్సర్ట్ (లోహాన్ని కోసే మొన) మార్చిన చోట, ఆఫ్‌సెట్ ఇచ్చిన చోట, షిఫ్ట్ మారిన చోట, కొత్త బార్ ఎక్కించిన చోట చిన్న గుర్తు పెట్టండి. నా అనుభవంలో ఇంతకంటే ఎక్కువ చెప్పే బొమ్మ ఇంకోటి లేదు. చాలామంది దీన్ని దాటేసి నేరుగా హిస్టోగ్రామ్‌కు, అంటే ఏ కొలత ఎన్నిసార్లు వచ్చిందో చూపే కడ్డీల బొమ్మకు, వెళ్లిపోతారు, దాంతో కాలం అనే సమాచారమంతా అక్కడే పోతుంది. మీ 30 పీసుల్ని ఎవరైనా డబ్బాలోంచి కలగాపులగంగా తీసి ఉంటే ఈ బొమ్మ గీయలేరు. అప్పుడు మళ్లీ కొలవడం తప్ప దారి లేదు, ఈసారి వరస నంబర్లు వేసి తీయండి.

టర్నింగ్‌లో ఈ బొమ్మ ఎక్కువసార్లు రంపం పళ్లలా కనిపిస్తుంది. ఇన్సర్ట్ అరిగేకొద్దీ బయటి వ్యాసం మెల్లగా పెరుగుతూ పోతుంది. ఆపరేటర్ ఆఫ్‌సెట్ ఇవ్వగానే ఒక్కసారి కిందికి పడుతుంది, మళ్లీ ఎక్కడం మొదలవుతుంది. ఉదాహరణకు వ్యాసం 0.02 పెరిగేదాకా ఆగి ఆఫ్‌సెట్ ఇస్తున్నారు అనుకోండి. పక్కపక్క పీసుల మధ్య సిగ్మా 0.003 మాత్రమే. ఆ ఎక్కుడు మొత్తం 0.02 పొడవునా సమానంగా పరుచుకుంటుంది కాబట్టి, 0.02ను 12 వర్గమూలంతో భాగిస్తే దాని వంతు సిగ్మా సుమారు 0.0058 వస్తుంది. రెండింటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే మొత్తం సిగ్మా 0.0065. సగటు ఎక్కడుందో పట్టించుకోకుండా టాలరెన్స్‌లో సగాన్ని మూడు సిగ్మాలతో భాగిస్తే, పక్కపక్క పీసుల సిగ్మాతో వచ్చే సీపీ 3.33, మొత్తం సిగ్మాతో వచ్చే పీపీ 1.54. ఈ రెండు అంకెల మధ్య తేడా అంతా టూల్ అరుగుదల తిన్నదే, మెషిన్ తప్పు కాదు. 0.01 పెరగగానే ఆఫ్‌సెట్ ఇస్తే మొత్తం సిగ్మా 0.0042కు దిగుతుంది, పీపీ 2.4 అవుతుంది. పైసా ఖర్చు లేకుండా వచ్చే లాభం ఇది. రంపం పళ్లు కళ్లారా చూస్తే తప్ప ఈ ఆలోచన ఎవరికీ తట్టదు.

దీనికి సరిగ్గా ఎదురుగా ఉండే తప్పు ఒకటుంది. ప్రతి పీసూ కొలిచి, వచ్చిన తేడాను వెంటనే ఆఫ్‌సెట్‌లో వేయడం. బాధ్యత గల ఆపరేటర్లే ఇలా చేస్తారు, అందుకే నాకు ఇది చూసినప్పుడల్లా బాధగా ఉంటుంది. మెషిన్ సగటు నిలకడగానే ఉండి, పీసు పీసుకూ వచ్చే తేడా కేవలం సహజమైనదే అయితే, ఇలా వెంట వెంట సరిచేయడం వల్ల వేరియన్స్ (సిగ్మా వర్గం) రెండింతలు అవుతుంది, సిగ్మా 1.41 రెట్లు అవుతుంది. 1.33 ఉండాల్సిన సీపీ 0.94కు పడిపోతుంది. నాణ్యతా నిపుణుడు డెమింగ్ తన తరగతుల్లో గరాటులోంచి గోళీలు వదిలి చూపించింది ఇదే. వరస బొమ్మలో దీన్ని గుర్తుపట్టడం తేలిక: చుక్కలు ఒకటి పైన, ఒకటి కింద, ఒకటి పైన, ఒకటి కింద అన్నట్టు జిగ్‌జాగ్‌గా కొట్టుకుంటాయి. ఆఫ్‌సెట్ గుర్తులు దాదాపు ప్రతి పీసు దగ్గరా కనిపిస్తాయి.

ఎప్పుడు చెయ్యి పెట్టాలి, ఎప్పుడు పెట్టకూడదు అని చెప్పేదే కంట్రోల్ చార్ట్. గణాంక పద్ధతుల్ని నాణ్యతకు తెచ్చిన షూహార్ట్ 1924 మే 16న బెల్ టెలిఫోన్ వాళ్ల సంస్థలో తన పై అధికారికి పంపిన ఒక పేజీ నోట్‌లో గీసిన బొమ్మ అది. వందేళ్లు దాటినా దాని పని మారలేదు. మీరు అరగంటకోసారి వరసగా వచ్చిన 5 పీసులు తీయండి. సగటు ఒక చార్ట్ మీద, పెద్దదానికీ చిన్నదానికీ ఉన్న తేడా, అంటే రేంజ్, ఇంకో చార్ట్ మీద పెట్టండి. 25 గుంపులు వచ్చాక, రేంజ్‌ల సగటును 0.577తో గుణించి సగటు చార్ట్‌కు అటు ఇటు హద్దులు వేయండి. రేంజ్ చార్ట్‌కు పై హద్దు రేంజ్‌ల సగటుకు 2.114 రెట్లు. అదే రేంజ్‌ల సగటును 2.326తో భాగిస్తే పక్కపక్క పీసుల సిగ్మా వస్తుంది. ఏదైనా చుక్క హద్దు దాటినా, వరసగా 8 చుక్కలు మధ్య గీతకు ఒకే పక్కన పడినా అక్కడ ఏదో జరిగిందని అర్థం, కారణం వెతకాలి. టూల్ అరిగే చోట ఈ ఎక్కుడు మనకు ముందే తెలిసిందే కాబట్టి మధ్య గీతనే ఏటవాలుగా గీసుకుని, దాని చుట్టూ హద్దులు వేసుకోవచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త. సగటు చార్ట్ మీద డ్రాయింగ్ టాలరెన్స్ గీతలు గీయకండి. 5 పీసుల సగటులో వచ్చే ఊపు విడి పీసుల ఊపులో సగం కూడా ఉండదు, దాన్ని 5 వర్గమూలంతో భాగించినంతే ఉంటుంది. సగటులన్నీ టాలరెన్స్ లోపల హాయిగా కనిపిస్తుంటే, విడి పీసులు బయట పడుతూ ఉండొచ్చు. ఆ గీతలు చూసి మోసపోయిన ఆడిటర్లు కూడా నాకు తెలుసు.

చార్ట్ నిలకడగా లేకపోతే సీపీకేకు అర్థం లేదు, ఆ మాట మేనేజ్‌మెంట్‌కు గట్టిగా చెప్పండి. నిన్న ఒకలా, ఇవాళ ఒకలా ఉన్న ప్రాసెస్‌కు రేపు ఎలా ఉంటుందో చెప్పే అంకె ఎక్కడి నుంచి వస్తుంది?

తరువాత కొలిచే సాధనం. దీన్ని వేరే విభాగం పని అనుకోకండి, ఎందుకంటే మీరు గీసే ప్రతి బొమ్మలో గేజ్ తప్పు కూడా కలిసే ఉంటుంది. సులువైన పద్ధతి చెబుతాను. 30 పీసులకు నంబర్లు వేసి, ఒకసారి కొలిచి, అంకెలు దాచేసి, వరస మార్చి మళ్లీ కొలవండి. మొదటి కొలత అడ్డంగా, రెండో కొలత నిలువుగా పెట్టి చుక్కలు వేయండి. గేజ్ మంచిదైతే చుక్కలన్నీ 45 డిగ్రీల గీత మీద సన్నటి దోసకాయలా పడతాయి. గుండ్రటి గుంపుగా పడితే మీరు కొలుస్తున్నది పీసుల్ని కాదు, గేజ్ ఊపును. ఉదాహరణకు కనిపించే సిగ్మా 0.010, అందులో గేజ్ వంతు 0.006 అయితే, పీసుల అసలు సిగ్మా 0.008. సీపీ 1.0 కాదు, 1.25. కొత్త మెషిన్ కొన్నా గేజ్ అదే అయితే ఆ 0.006 మీతోనే ఉంటుంది.

వేడి సంగతి కూడా చూడండి. కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. ఉక్కు ఒక్కో డిగ్రీకి మీటరుకు సుమారు 11.5 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది. 25 మి.మీ. షాఫ్ట్ 20 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే దాదాపు 6 మైక్రాన్లు పెద్దదిగా కొలుస్తుంది. మీ మొత్తం టాలరెన్స్ 60 మైక్రాన్లు, అందులో పదో వంతు ఇలా పోతోంది. ఒక షిఫ్ట్ వాళ్లు మెషిన్‌లోంచి తీసిన వెంటనే, ఇంకో షిఫ్ట్ వాళ్లు చల్లారాక కొలుస్తుంటే ఆ తేడా మెషిన్ తేడాలాగే కనిపిస్తుంది.

ఇవన్నీ అయ్యాకే హిస్టోగ్రామ్. మీద టాలరెన్స్ గీతలు వేసి, ఆకారం చూడండి. రెండు మూపురాలు ఉంటే రెండు మెషిన్లో రెండు సెట్టింగ్‌లో కలిసిపోయాయి. మీ కలిపిన 30 పీసుల్లో ఇది ఉండే అవకాశం చాలా ఎక్కువ. టాలరెన్స్ గీత దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతే ఎవరో ముందే ఏరేశారు, మీరు చూస్తున్నది ప్రాసెస్‌ను కాదు, ఏరగా మిగిలినదాన్ని. గీతకు సరిగ్గా లోపల ఒక్క కడ్డీ మాత్రం పొడుగ్గా ఉంటే, బయట పడిన కొలతను ఎవరో లోపలికి రాస్తున్నారు. దీని మీద ఆపరేటర్‌ను తిట్టకండి. పీసు రిజెక్ట్ అయితే తనకేమవుతుందోనన్న భయం ఆ కడ్డీ రూపంలో కనిపిస్తోంది, దాన్ని పోగొట్టాల్సింది సూపర్‌వైజర్. దువ్వెన పళ్లలా మధ్యలో ఖాళీలు ఉంటే గేజ్ రిజల్యూషన్ చాలదు, లేదా అంకెల్ని దగ్గరి అంకెకు సవరించి రాస్తున్నారు.

ప్రాబబిలిటీ ప్లాట్ కూడా పక్కనే వేసుకోండి. అడ్డంగా కొలతలు, నిలువుగా ఎంత శాతం పీసులు ఆ కొలతకు లోపల ఉన్నాయన్నది. కొలతలు నార్మల్‌గా, అంటే సగటు చుట్టూ గంట ఆకారంలో పరుచుకుని ఉంటే చుక్కలు సరళ రేఖ మీద పడతాయి. ఆ రేఖ 50 శాతం దగ్గర సగటునూ, 84 శాతానికి 50 శాతానికి మధ్య దూరంలో సిగ్మానూ చూపిస్తుంది. రేఖను టాలరెన్స్ గీత దాకా పొడిగిస్తే ఎంత శాతం బయట పడుతుందో నేరుగా చదవొచ్చు. రేఖ ఒక పక్కకు వంగిపోతే ఆ డేటాకు మామూలు సీపీకే పనికిరాదు. రనౌట్ (తిరిగేటప్పుడు వచ్చే ఊపు), ఫ్లాట్‌నెస్ (చదునుతనం) లాంటివి సున్నా కంటే తగ్గవు కాబట్టి ఎప్పుడూ ఒక పక్కకే సాగి ఉంటాయి. వాటికి సగటు బదులు 50వ శాతం విలువను తీసుకుని, మూడు సిగ్మాల బదులు 50వ శాతం, 99.865వ శాతం విలువల మధ్య దూరంతో భాగించాలి. మీ వ్యాసానికి ఆ అవసరం రాకపోవచ్చు, కానీ ఏదో ఒక రోజు రనౌట్ మీద ఇదే ప్రశ్న వస్తుంది.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న బొమ్మ. 1999లో స్వీడన్‌కు చెందిన డెలెరిడ్, వెన్‌మన్ దీన్ని ప్రాసెస్ కేపబిలిటీ ప్లాట్ పేరుతో వివరించారు. ఇంత ఉపయోగమున్నది షాప్ ఫ్లోర్ మీద ఇంత తక్కువగా ఎందుకు కనిపిస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. గీయడానికి స్కేలూ పెన్సిలూ చాలు.

మొదట టాలరెన్స్‌లో సగం తీసుకోండి, మీకు అది 0.03. సగటు మధ్య కొలత నుంచి ఎంత జరిగిందో దాన్ని 0.03తో భాగిస్తే వచ్చేది డెల్టా. సిగ్మాను 0.03తో భాగిస్తే వచ్చేది గామా. గ్రాఫ్ కాగితం మీద అడ్డంగా డెల్టా −1 నుంచి +1 దాకా, నిలువుగా గామా 0 నుంచి 0.4 దాకా వేయండి. ప్రతి మెషిన్‌కు ఒక చుక్క. ఇప్పుడు 1.33 హద్దు గీయాలి. అడ్డ గీత మీద −1 దగ్గర మొదలుపెట్టి, మధ్యలో నిలువుగా 0.25 ఎత్తుకు ఎక్కి, మళ్లీ +1 దగ్గరికి దిగే గుడారం గీయండి. చుక్క గుడారం లోపల ఉంటే సీపీకే 1.33 కంటే ఎక్కువ. 1.0 కావాలంటే గుడారం శిఖరం 0.333 దగ్గర ఉంటుంది. ఏ విలువకైనా ఒకటిని ఆ విలువకు మూడు రెట్లతో భాగిస్తే శిఖరం ఎత్తు వస్తుంది.

నేను మొదట్లో చెప్పిన మూడు లేత్‌లను ఇందులో పెట్టండి. మొదటిది డెల్టా 0.4, గామా 0.2. రెండోది 0, 0.333. మూడోది 0.7, 0.1. మూడు చుక్కలూ 1.0 గుడారం గీత మీదే ఉంటాయి, కానీ ఒకటి శిఖరం మీద, ఒకటి నడి వాలు మీద, ఒకటి దాదాపు కింద మూలన. రెండోదాన్ని కిందికి దించాలి, మిగతా రెండింటినీ మధ్యకు జరపాలి. ఎవరికీ వివరించక్కర్లేదు, కాగితం గోడ మీద అంటిస్తే ఆపరేటరే వచ్చి ‘ఇది పక్కకు తేవాలి కదా సార్’ అంటాడు. మా షాప్‌లో మొదటిసారి అంటించిన రోజు సరిగ్గా ఇదే జరిగింది. అంతకుముందు రెండేళ్లుగా నోటీసు బోర్డు మీద సీపీకే పట్టిక ఉండేది, దాని ముందు ఎవరూ ఆగలేదు.

ఇదే కాగితం మీద ఇంకో గీత కూడా గీయొచ్చు. సున్నా దగ్గర కేంద్రం పెట్టి 0.25 వ్యాసార్ధంతో ఒక అర్ధవృత్తం. దాని లోపల ఉన్న చుక్కలకు సీపీఎమ్ 1.33 కంటే ఎక్కువ. సగటు మధ్య కొలతకు దూరమైతే సిగ్మా ఎంత చిన్నదైనా ఒప్పుకోని సూచిక ఇది. మన మూడో లేత్ సీపీకేలో మిగతావాటితో సమానంగా నిలిచింది కదా, సీపీఎమ్‌లో 0.47కు పడిపోతుంది. మొదటిది 0.75, రెండోది మాత్రం 1.0 దగ్గరే ఉంటుంది. బేరింగ్ కూర్చునే షాఫ్ట్ లాంటివి ఒక హద్దుకు ఆనుకుని ఉంటే ఫిట్ మారుతుంది, కాబట్టి మీ జాబ్‌కు ఈ అర్ధవృత్తం కూడా చూడమంటాను. గో గేజ్ (కనీస కొలతను చూసే గేజ్) రంధ్రంలోకి దిగితే చాలు అనే చోట గుడారం ఒక్కటే సరిపోతుంది.

దీనికి నేను చేసుకున్న చిన్న చేర్పు ఒకటుంది. ప్రతి మెషిన్‌కూ రెండు చుక్కలు పెడతాను. పక్కపక్క పీసుల సిగ్మాతో నిండు చుక్క, మొత్తం సిగ్మాతో ఖాళీ చుక్క. రెండింటి మధ్య నిలువు గీత. పైన చెప్పిన టూల్ అరుగుదల లెక్కలో నిండు చుక్క 0.10 దగ్గర, ఖాళీ చుక్క 0.22 దగ్గర పడతాయి. ఆ గీత పొడవే మనం రోజువారీ నడపడంలో పోగొట్టుకుంటున్నది. గీత పొడవుగా ఉంటే ఆఫ్‌సెట్ ఎప్పుడు ఇవ్వాలి, సెట్టింగ్ ఎలా చేయాలి అన్నవి చూడాలి. గీత పొట్టిగా ఉండి నిండు చుక్కే గుడారం బయట ఉంటే, మెషిన్, ఫిక్స్చర్, ఇన్సర్ట్, కటింగ్ డేటా వైపు వెళ్లాలి. నిండు చుక్క బయట ఉందని చూడకుండా కొత్త మెషిన్‌కు సంతకం పెట్టకండి. డెల్టా, గామా రెండింట్లోనూ మిల్లీమీటర్లు పోయాయి కాబట్టి వ్యాసం, పొడవు, గాడి వెడల్పు అన్నీ ఒకే కాగితం మీద పెట్టొచ్చు, మొత్తం పార్ట్‌లో ఏది మొదట చూడాలో తెలిసిపోతుంది.

నిండు చుక్కే బయట ఉందనుకోండి. అప్పుడు మల్టీ-వారి చార్ట్. లెనర్డ్ సీడర్ 1950లో చెప్పిన పద్ధతి ఇది. ఒక్కో షాఫ్ట్‌ను రెండు చివర్లా, మధ్యలో కొలవండి, ఒక్కో చోట 90 డిగ్రీల తేడాతో రెండుసార్లు. ఒక్కో పీసుకు చిన్న కొలత నుంచి పెద్ద కొలత దాకా ఒక నిలువు గీత. వరసగా మూడు పీసుల గీతలు పక్కపక్కన, కాసేపు ఆగి మళ్లీ మూడు. వేరియేషన్ మూడు చోట్లలో ఎక్కడుందో కనిపిస్తుంది. గీతలు పొడవుగా ఉంటే ఒకే పీసులో, పక్క గీతల మధ్య ఎగుడుదిగుడు ఉంటే పీసు పీసుకూ, గుంపులు గుంపులుగా జరుగుతుంటే కాలంతో పాటు.

నేను పనిచేసిన ఒక చోట పొడవాటి షాఫ్ట్ మీద ఆరు వారాలు ఇన్సర్ట్‌లు మార్చారు, గ్రేడ్లు మార్చారు, కూలెంట్ మార్చారు. వ్యాసాన్ని ఎప్పుడూ ఎక్కడో ఒక్కచోటే కొలిచేవారు, అది కూడా ఆపరేటర్ చేతికి అందిన చోట. మల్టీ-వారి వేస్తే ప్రతి పీసు గీతా దాదాపు 15 మైక్రాన్ల పొడవు, ప్రతిసారీ ఒకే చివర పెద్దది. టేపర్, అంటే ఒక చివరికి పోయేకొద్దీ లావవడం. పీసు రెండో చివరను ఆపే టెయిల్‌స్టాక్, పీసును తిప్పే స్పిండిల్ లైన్‌లో లేదు. దాన్ని సరిచేయడానికి ఒక పూట పట్టింది. బొమ్మ గీయడానికి పట్టింది రెండు గంటలు. ఆ ఆరు వారాలు నన్ను ఇప్పటికీ వెంటాడుతుంటాయి, ఎందుకంటే ఆ బొమ్మ గీద్దామని మొదటి వారంలోనే చెప్పాల్సింది నేనే.

మూడు దవడల చక్‌తో పట్టుకుంటుంటే ఇంకో మాట. చక్ ఒత్తిడికి సన్నటి గోడ ఉన్న పీసు వంగుతుంది, ఆ వంపులోనే గుండ్రంగా కోస్తే వదిలాక వెనక్కి సాగి మూడు మూలల ఆకారంలోకి రావచ్చు. మైక్రోమీటర్ దీన్ని పట్టుకోలేదు, ఎదురెదురు బిందువుల మధ్య దూరం అన్ని పక్కలా ఒకేలా వస్తుంది. వీ-బ్లాక్ మీద పెట్టి డయల్ ఆనించి తిప్పితే కనిపిస్తుంది. మీది ఘన షాఫ్ట్ కాబట్టి ఇది వచ్చే అవకాశం తక్కువ. ట్యూబ్ జాబ్‌లు చేసేవాళ్లకు మాత్రం తప్పకుండా చూడమని చెబుతాను.

ఇక ఎన్ని పీసులు అన్న మీ ప్రశ్న. 30 పీసులతో వచ్చిన 1.02కు 95 శాతం నమ్మకంతో హద్దులు వేస్తే సుమారు 0.73 నుంచి 1.31 దాకా వస్తాయి. అది కూడా ప్రాసెస్ నిలకడగా, నార్మల్‌గా ఉంటేనే. 100 పీసులైతే 0.86 నుంచి 1.18. అంటే 30 పీసులతో 0.98 వచ్చినా 1.06 వచ్చినా దాని మీద వాదించుకోవడంలో అర్థం లేదు. కేపబిలిటీ ప్లాట్ మీద చుక్క చుట్టూ ఈ అనుమానాన్ని ఒక చిన్న దీర్ఘచతురస్రంగా గీయండి. డెల్టా వైపు, గామా వైపు ఎంత అటు ఇటు కావచ్చో అంత. ఆ పెట్టె మొత్తం గుడారం లోపల ఉన్నప్పుడే కస్టమర్‌కు ధైర్యంగా చెప్పొచ్చు. అంకెలోని రెండో దశాంశ స్థానం మీద జరిగే గొడవలు ఈ పెట్టె చూశాక ఆగిపోతాయి.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. ముందు ఒక్క రోజు గేజ్ కోసం పెట్టుకోండి. తరువాత రెండు మెషిన్లకూ విడివిడిగా, అరగంటకు 5 చొప్పున 25 గుంపులు తీయండి, మెషిన్‌కు 125 పీసులు అవుతాయి. ప్రతి పీసూ ఒకే చోట, చల్లారాక కొలవాలి. ఇన్సర్ట్ మార్పులూ ఆఫ్‌సెట్‌లూ అన్నీ టైమ్‌తో సహా రాయించండి, కనీసం ఒక ఇన్సర్ట్ జీవితం మొత్తం ఈ డేటాలో ఉండాలి. వరస బొమ్మ, కంట్రోల్ చార్ట్, హిస్టోగ్రామ్, చివర కేపబిలిటీ ప్లాట్. నాలుగు చుక్కలు పడతాయి, రెండు నిండువి, రెండు ఖాళీవి. మేనేజ్‌మెంట్‌కు ఇచ్చే రిపోర్ట్‌లో మొదటి పేజీ మీద ఆ ప్లాట్ పెట్టి, కింద ఒక్కో మెషిన్‌కు ఒక వాక్యం రాయండి: దీన్ని పక్కకు జరపాలా, కిందికి దించాలా, దానికి ఏం చేయబోతున్నాం, ఎప్పటికల్లా. నెల తర్వాత కొత్త చుక్కలు పాత కాగితం మీదే వేయండి, పాతవి చెరపకుండా. పాత చుక్క నుంచి కొత్త చుక్కకు ఒక బాణం గీయండి. కస్టమర్ వచ్చినప్పుడు ఆ బాణాన్నే చూపించండి, 1.33 ఇంకా చేరకపోయినా సరే.